మా కాంటెస్సాకు చెవి పెట్టిన ఏడాది

మూడో నంబరు పిస్టన్ చేతిలోకి తీసుకుని మేస్త్రి గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పై రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు అంగుళంన్నర మేర విరిగి ఊడిపోయింది. పిస్టన్ తల అంచున గరుకు ఎమరీ కాగితంతో రుద్దినట్టు సన్నటి గుంటలు. వాటి మీద బొటనవేలు పెట్టి తడిమి, "ఇది కరిగిపోయింది కాదు అబ్బాయ్. కొట్టి కొట్టి విరగ్గొట్టింది" అన్నారు.

పోయినేడు మే నెల సంగతి. ఆ ముక్క ఇప్పటికీ నా టేబుల్ సొరుగులోనే ఉంది.

బండి మా నాన్నగారు 1993లో కొన్న కాంటెస్సా క్లాసిక్. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఇంగ్లండు వాక్స్‌హాల్ కారు ఒంటికి జపాను ఇసుజు పెట్రోలు ఇంజిను బిగించి అమ్మిన రకం. 1817 సీసీ, నాలుగు సిలిండర్లు, 84 మిల్లీమీటర్ల బోరు, 82 మిల్లీమీటర్ల స్ట్రోకు, 5 గేర్లు. పాలకొల్లు నుంచి నరసాపురం కాలవగట్టు మీద నాన్నగారి పక్క సీట్లో కూర్చుని తిరిగిన బండి. ఆయన పోయాక షెడ్డులో పెట్టి దుమ్ము దులుపుతూ ఉండటం నా వల్ల కాలేదు. ట్రాక్ మీద పరిగెత్తే బండిగా చేద్దామనుకున్నాను. కార్బ్యురేటర్ తీసేసి ఇంజెక్షను, దాన్నీ ప్లగ్గునూ నడిపే బయటి ఈసీయూ (ఇంజిను కంప్యూటరు), గాలిని నొక్కి ఇంజినులోకి నెట్టే చిన్న టర్బో, ముందు ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు పెట్టించాను. ఇలా ఇంజిను మార్చిన బండిని మామూలు రోడ్డు మీద తిప్పడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. అందుకే ట్రాక్‌కు లారీ మీద వెళ్తుంది, లారీ మీదే వస్తుంది. ఇంటి దగ్గర పరీక్షలకు మా బావ రొయ్యల చెరువుల మధ్య ఆయన సొంతంగా వేయించుకున్న సిమెంటు రోడ్డు ఒకటి ఉంది, కిలోమీటరు పైచిలుకు. పొద్దున్న మేత పడ్డాక, లారీలు రాకముందు గంటసేపు అది నాది.

పిస్టన్ విరిగిన రోజు నాకు ఏ శబ్దమూ వినపడలేదు. ఇంజిను నాకింగ్ కొడితే రేకుడబ్బాలో గోలీలు పోసి ఊపినట్టు వినిపిస్తుందని అందరికీ తెలుసు. మోపెడు బరువుతో పాత అంబాసిడరు వంతెన ఎక్కుతుంటే నేనూ విన్నాను. కానీ టర్బో ఈల, సైలెన్సర్ గొంతు, అద్దాలు దించి ఉండటం వల్ల వచ్చే గాలి హోరు, వీటన్నిటి కింద ఆ గోలీల చప్పుడు మునిగిపోయింది. మూడోసారి లాగుతుండగా వెనక నీలంపొగ. నూనె పోసే మూత తీస్తే లోపలినుంచి ఆవిరి ఇంజినులా ఊపిరి. కంప్రెషను, అంటే సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కగలదో గేజితో చూస్తే మూడు సిలిండర్లు 140 పీఎస్ఐ దగ్గర, మూడో నంబరు 55.

నాకింగ్ అంటే ఏమిటో నేను అప్పటిదాకా పైపైన తెలుసుకున్నవాణ్ణే. మనవైపు కోత అయ్యాక చేలో వరిదుబ్బులు తగలబెట్టేటప్పుడు చూడండి, ఒక మూల అంటిస్తే మంట వరసగా పాకుతూ అవతలి గట్టుదాకా వెళ్తుంది. ఇంజిను లోపల ప్లగ్గు దగ్గర మొదలైన మంట కూడా అలాగే పాకాలి. అది పిస్టన్‌ను నెడుతుంది, కొట్టదు. కానీ మంట ఇంకా చేరని అవతలి మూలలో మిగిలిన గాలీ పెట్రోలూ అప్పటికే నలిగి, కాగి ఉంటాయి. ఆ వేడి, ఆ ఒత్తిడి హద్దు దాటితే మంట కోసం ఎదురుచూడకుండా ఆ మూలంతా ఒక్కసారే అంటుకుంటుంది. అప్పుడు పుట్టే పీడన తరంగం సిలిండరు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. లోహాన్ని అంటిపెట్టుకుని కాపాడే పల్చటి చల్లగాలి పొరను గీకేస్తుంది. ఆపైన ఆ వేడి నేరుగా పిస్టన్‌కే. టర్బో ఉన్నచోట లోపలికి దూరే గాలి ఎక్కువ, అది వేడిగానూ వస్తుంది, కాబట్టి ఈ ముప్పు మామూలు బండికంటే చాలా దగ్గర్లో ఉంటుంది.

మరి బెంగళూరులో డైనో మీద, అంటే బండిని నిలబెట్టి ఇంజిను బలం కొలిచే మిషను మీద పెట్టి, పగలంతా ట్యూనింగ్ చేయించి తెచ్చిన బండి ఇక్కడెందుకు విరిగింది? ఈ ప్రశ్న నన్ను వారంపాటు నిద్రపోనివ్వలేదు. ఈసీయూలో రికార్డయిన ఫైలు తెరిచి ఒక్కో గడి చూసుకుంటూ పోతే దొరికింది. మన డెల్టాలో టర్బో బండి పెట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోమని అడుగుతాను.

బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడ బయటి గాలి పీడనం 91 కిలోపాస్కల్స్ దగ్గర. మన పాలకొల్లు సముద్రానికి నాలుగడుగుల దూరం అన్నట్టు ఉంటుంది, ఇక్కడ దాదాపు 101. టర్బో ఒత్తిడిని అదుపు చేసే వేస్ట్‌గేట్ స్ప్రింగు బయటి గాలితో పోల్చుకుని పనిచేస్తుంది. దానికంటే 60 ఎక్కువ వచ్చేదాకా మూసుకుని ఉండి అప్పుడు తెరుచుకుంటుంది. అంటే అక్కడ ఇంజినులోకి వెళ్ళింది 151, ఇక్కడ వెళ్ళేది 161. ప్లగ్గు ఎప్పుడు వెలగాలో చెప్పే పట్టికలో 150 వరసదాకా ట్యూనరు గడి గడికీ చూసి దిద్దాడు, అక్కడ 18 డిగ్రీలు. అంటే పిస్టన్ పైకొస చేరడానికి క్రాంకు ఇరుసు ఇంకా అంత తిరగాల్సి ఉండగానే నిప్పు పడుతుంది; అంకె పెరిగేకొద్దీ నిప్పు ముందుకు జరుగుతుంది, నాకింగ్ దగ్గరవుతుంది. 160 వరసకు ఆ ఊళ్ళో ఇంజిను ఎప్పుడూ చేరలేదు కనక ఆ గడులను ఎవరూ ముట్టుకోలేదు. మొదట్లో ఊరికే నింపిన 24 అలాగే ఉండిపోయింది. మా బండి ఇక్కడ పూర్తిగా లాగిన ప్రతిసారీ ఎవరూ దిద్దని ఆ వరసలోనే పరిగెత్తింది. దానికి తోడు మే ఎండ. డైనో గదిలో ఇంజిను లోపలికి వెళ్ళే గాలి వేడి 30 డిగ్రీలుంటే ఇక్కడ 61. ఆ ట్యూనరు తన కళ్ళ ముందు ఉన్నంత మేరా పని శ్రద్ధగానే చేశాడు. బండి ఏ ఊళ్ళో తిరుగుతుందని మాత్రం అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే మూడో నంబరు పిస్టన్ నా సొరుగులోకి వచ్చేది కాదు.

పట్టిక దిద్దుకుంటే సరిపోతుంది కదా అని మేస్త్రి గారన్నారు. సరిపోదని నాకు అనిపించింది. రేపు పెట్రోలు బంకు మారుతుంది, ఎల్లుండి ఇంటర్‌కూలరులో బురద పడుతుంది. లోపల ఏం జరుగుతోందో వినే ఏర్పాటు ఒకటి ఉండాలి. 1978లో బ్యూక్ కంపెనీ టర్బో వీ6 కార్లు అమ్మకానికి పెట్టినప్పుడే నాకింగ్ సెన్సరు పెట్టి ప్లగ్గు టైమింగ్ వెనక్కి లాగే ఏర్పాటు చేసింది. ఆ తర్వాత సాబ్ వాళ్ళు సెన్సరు చెప్పినట్టు టర్బో ఒత్తిడినే తగ్గించే పద్ధతి తెచ్చారు. పెద్ద కంపెనీలు టర్బోతో పాటే చెవిని కూడా పెట్టాయి. నేను టర్బో పెట్టి చెవిని మర్చిపోయాను.

సిలిండర్లు అర మిల్లీమీటరు బోరింగ్ చేయించి, ఫోర్జ్‌డ్ పిస్టన్లు (పోత పోయకుండా కొట్టి చేసిన గట్టి రకం) తెప్పించి, హెడ్డు బిగించేసరికి ఆగస్టు అయింది. సెన్సరు కంటే ముందు రాగి గొట్టంతో మొదలుపెట్టాం. ఇది ట్యూనర్లందరూ వాడే పాత పద్ధతి. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర మూరెడు రాగి గొట్టం తెచ్చి, ఒక కొస సుత్తితో చదును చేసి, బెజ్జం వేసి, దాన్ని ఇంజిను బ్లాకుకు బోల్టుతో బిగించాం. రెండో కొసకు అక్వేరియం గొట్టం తొడిగి లోపలికి లాగి, రైసు మిల్లులో వాడే చెవిమూతలకు కలిపాం. బ్లాకులో పుట్టిన చప్పుడు గొట్టంలోని గాలి పట్టుకుని చెవిలోకి వస్తుంది, బయటి హోరు మూతల బయటే ఆగిపోతుంది.

మేస్త్రి గారికి అరవై ఏళ్ళు దాటాయి. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి బేరింగు పోయిందో లేదో చెప్పగల మనిషి. ఆయన పక్క సీట్లో మూతలు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నారు. వెనక సీట్లో, డిక్కీలో కలిపి నాలుగు ధాన్యం బస్తాలు, అంటే 300 కిలోలు. మన నేల బల్లపరుపు, ఎక్కడా ఎత్తు ఉండదు. ఇంజిన్‌కు బరువు తెలియాలంటే బస్తాలే దిక్కు. 2,500 ఆర్పీఎం దగ్గర, టర్బో ఒత్తిడి సగమే ఉంచి, కావాలనే టైమింగ్ ఒక్కో డిగ్రీ ముందుకు జరిపాను. ఐదో డిగ్రీకి ఆయన చెయ్యెత్తారు.

"వచ్చింది. వేపుడు మూకుట్లో ఆవాలు చిటపటమన్నట్టు, రెండు గింజలు."

నేను కాలు తీసేశాను. మూతలు నేను పెట్టుకుని మళ్ళీ లాగితే నాకూ వినిపించింది. గోలీలంత పెద్దగా లేదు. నిజంగానే రెండు ఆవగింజలు. ఆ చప్పుడు ఒకసారి చెవిన పడ్డాక ఇక మర్చిపోయేది కాదు. కానీ 4,000 దాటాక ఆయనకూ నాకూ కూడా ఏమీ తేలలేదు. అక్కడ నాలుగు సిలిండర్లు కలిపి సెకనుకు 133 సార్లు పేలుతుంటాయి. అందులో ఒక్కటి తేడాగా పేలితే మనిషి చెవి విడదీసి పట్టుకోలేదు. "ఇంతవరకే నా చెవి. పైకి మిషను పెట్టుకోవాలి" అని మేస్త్రి గారే అన్నారు.

బాష్ వాళ్ళ నాకింగ్ సెన్సరు మధ్యలో బెజ్జంతో గారెలా ఉంటుంది. లోపల ఒత్తిడికి కరెంటు పుట్టించే పీజో పింగాణీ బిళ్ళ. బ్లాకు అదిరితే అది అదురుతుంది, ఆ అదురే కరెంటుగా బయటికి వస్తుంది. ఏ శ్రుతి కోసం వినాలో బోరు చెబుతుంది. చిన్న గ్లాసు మీద కొడితే సన్నగా, గంగాళం మీద కొడితే బొంగురుగా మోగినట్టే సిలిండరు వెడల్పును బట్టి నాకింగ్ మోత మారుతుంది. వాడుకలో ఉన్న లెక్క చాలా తేలిక: బోరు మిల్లీమీటర్లను 3.14తో హెచ్చవేసి, వచ్చిన దానితో 1800ని భాగిస్తే కిలోహెర్ట్జ్ వస్తుంది. మా 84.5 బోరుకు 6.8. దానికి రెట్టింపు, 13.6 దగ్గర కూడా చిన్న మోత ఉంటుంది.

సెన్సరు బిగించడమే పెద్ద పని అయింది. మొదట తేలిగ్గా చేయి దూరుతుందని ఇంజిన్ మౌంటింగ్ బ్రాకెట్‌కు బిగించాను. రేకు బ్రాకెట్టు తన సొంత మోత తను మోగింది. అన్ని వేగాల్లోనూ నాకింగే చూపించింది. రెండోసారి బ్లాకుకే బిగించాను, కానీ అలవాటు కొద్దీ కింద స్ప్రింగు వాచరు వేశాను. ఈసారి ఏమీ చూపించలేదు, బ్లాకును పానాతో కొట్టినా సన్నగా మూలిగింది. వాచరు మెత్తగా కూర్చుని మోతను మింగేసింది. మూడోసారి రెండు, మూడు సిలిండర్ల మధ్య, హెడ్డుకు దగ్గరగా బ్లాకులో వాడకుండా వదిలేసిన మర బెజ్జం ఒకటి చూసుకున్నాం. లేత్ షాపులో దానికి సరిపడే ఉక్కు స్టడ్డు, ఇటువైపు 8 మిల్లీమీటర్ల మరతో, వీలైనంత పొట్టిగా తిప్పించాం. బ్లాకు మీద ముప్పై ఏళ్ళ రంగు, తుప్పు గీకేసి, మేస్త్రి గారు చిన్న గాజు ముక్క మీద ఎమరీ కాగితం అంటించి ఆ రూపాయి బిళ్ళంత జాగాను అరగంటసేపు రుద్దారు. వేలుగోరు పెట్టి లాగితే ఎక్కడా తగలకూడదు, అప్పుడుగానీ ఆయన ఊరుకోలేదు. వాచరు లేదు, గ్రీజు లేదు, లోహం మీద లోహం. టార్క్ రెంచితో 20 న్యూటన్ మీటర్లు. వదులైతే మోత తగ్గుతుంది, మరీ బిగిస్తే బిళ్ళ మీద ఒత్తిడి పెరిగి సెన్సరు స్వభావమే మారుతుంది. వైరు మీద అల్లిన తొడుగును ఒక్క కొసలోనే ఎర్త్ చేశాం.

ఈసారి పానాతో బ్లాకును చిన్నగా తడితే లాప్‌టాప్ తెర మీద నిటారుగా గీత లేచింది.

లాప్‌టాప్ ఎందుకంటే, సెన్సరును ఈసీయూకు కలిపే ముందు ఇంజిను మాట్లాడే మాట నేను చూడాలనుకున్నాను. బయటి సౌండ్ కార్డుకు రెండు దారులు ఉంటాయి కదా, ఒకదాంట్లో సెన్సరు, రెండోదాంట్లో ఒకటో సిలిండరు ప్లగ్ వైరు చుట్టూ నాలుగు చుట్లు చుట్టిన తీగ. ప్లగ్గు వెలిగినప్పుడల్లా ఆ తీగలో టిక్ అని పడుతుంది. దాన్ని బట్టి క్రాంకు ఏ కోణంలో ఉన్నప్పుడు ఏ చప్పుడు వచ్చిందో లెక్క కట్టుకోవచ్చు. పాటలు దిద్దుకునే ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. అందులో స్పెక్ట్రోగ్రామ్ చూస్తే ఏ శ్రుతి దగ్గర ఎంత మోత ఉందో రంగుల్లో తెలుస్తుంది.

సెప్టెంబరు, అక్టోబరు రెండు నెలలూ ఆ రంగులు చూస్తూ గడిపాను. చెరువుల మీద ఏరియేటర్లు తిరుగుతుంటే పక్కన కారులో కూర్చుని లాప్‌టాప్‌లో తల దూర్చి ఉండేవాణ్ణి. బావ ఒకసారి కిటికీ దగ్గరికి వచ్చి, "ఏవోయ్, రొయ్యలకు ఆక్సిజన్ చూసుకున్నట్టు చూసుకుంటున్నావే" అన్నాడు. నిజమే, ఆ శ్రద్ధ ఆయన దగ్గర నేర్చుకున్నదే.

అప్పుడే ఒక చిక్కు వచ్చింది. నాకింగ్ వచ్చేది మంట మొదలయ్యాక, పిస్టన్ పైకొస దాటిన తర్వాత 10 డిగ్రీల నుంచి. అందుకని ఈసీయూకు ఆ సందులో మాత్రమే విను, మిగతా అప్పుడు చెవి మూసుకో అని చెప్పవచ్చు. నేను పెట్టిన సందు 10 నుంచి 70 డిగ్రీలు. 3,200 దాటగానే ఒకటో సిలిండరు నాకింగ్ అని చూపిస్తోంది. టైమింగ్ 6 డిగ్రీలు వెనక్కి లాగాను, అయినా అదే మాట. నిజమైన నాకింగయితే అంత వెనక్కి లాగాక చచ్చినట్టు ఆగాలి. టర్బో ఒత్తిడి పూర్తిగా తీసేశాను, అయినా ఉంది. పైగా రాగి గొట్టంలో ఆవాలు లేవు. మేస్త్రి గారి చెవి లేదంటోంది, మిషను ఉందంటోంది.

రికార్డింగు తెరిచి, ఒకటో సిలిండరు పేలుళ్ళను వంద తీసుకుని ఒకదాని కింద ఒకటి పేర్చాను. నాకింగయితే ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా, ఒక్కోసారి అసలు లేకుండా, కోణం కూడా కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇది అలా లేదు. ప్రతిసారీ సరిగ్గా 50 డిగ్రీల దగ్గర, దాదాపు ఒకే ఎత్తు. గడియారంలా. అంత క్రమంగా పేలేది మంట కాదు, అది లోహం మీద లోహం పడే చప్పుడే. ఏ లోహం? ఈ ఇంజిను పేలే వరస 1-3-4-2. ఒకటో సిలిండరు పేలి పిస్టన్ దిగుతున్నప్పుడు మూడో సిలిండరులో పిస్టన్ గాలి పీల్చుకుని కింది కొస నుంచి పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. అది 50 డిగ్రీలు ఎక్కేసరికి గాలిని లోపలికి వదిలే దాని ఇన్‌టేక్ వాల్వు మూసుకుంటుంది. అంటే ఒకటో నంబరు సందులో వినిపిస్తున్నది మూడో నంబరు వాల్వు తన సీటు మీద పడుతున్న చప్పుడు!

పరుగున వెళ్ళి వాల్వ్ కవరు విప్పమన్నాను. మేస్త్రి గారు వాల్వు దగ్గరి సందు కొలిచే రేకు, ఫీలర్ గేజి, దూర్చారు. మిగతా వాల్వుల దగ్గర పట్టుగా లాగాల్సిన రేకు మూడో నంబరు ఇన్‌టేక్ దగ్గర గాల్లోకి దూరినట్టు దూరింది. లాక్ నట్టు వదులు. ట్యాపెట్ సందు సరిచేసి, నట్టు బిగించాం. వినే సందును 10 నుంచి 45 డిగ్రీలకు కుదించాను. ఒకటో సిలిండరు మళ్ళీ నోరెత్తలేదు. ఆ రోజు సాయంత్రం పాలకొల్లు వెళ్ళేదాకా మేస్త్రి గారు ఆ కోణాల లెక్క నాతో మూడుసార్లు చెప్పించుకున్నారు, చివరిసారి వేళ్ళ మీద ఆయనే నాకు చెప్పారు.

4,000 ఆర్పీఎం దగ్గర ఆ 35 డిగ్రీల సందు దాటడానికి పట్టేది ఒకటిన్నర మిల్లీసెకను. ఆ కాస్త వ్యవధిలో 6.8 కిలోహెర్ట్జ్ మోత పది సార్లు ఊగుతుంది. పదంటే పది ఊపుల్లో ఉన్నది చావో కాదో ఈసీయూ తేల్చాలి.

తేల్చాలంటే మామూలు చప్పుడు ఎంతో దానికి ముందు తెలియాలి. నవంబరు, డిసెంబరు ఆ పనే. టైమింగ్ బాగా వెనక్కి పెట్టి, నాకింగ్ రావడానికి వీల్లేని స్థితిలో 1,500 నుంచి 6,000 దాకా ప్రతి 500కీ ఇంజిను సొంత చప్పుడు కొలిచి రాసుకున్నాను. నాలుగు సిలిండర్లకూ విడివిడిగా, ఎందుకంటే సెన్సరుకు దగ్గరున్న రెండు, మూడు గట్టిగా వినిపిస్తాయి, ఒకటి, నాలుగు దూరం. వేగం పెరిగేకొద్దీ మామూలు చప్పుడే మూడింతలు అవుతుంది కాబట్టి అన్ని వేగాలకూ ఒకే హద్దు గీస్తే కింద గుడ్డిదవుతుంది, పైన అరుస్తూనే ఉంటుంది. ఇంకొకటి, ఫోర్జ్‌డ్ పిస్టన్లకు సందు ఎక్కువ వదులుతారు, చల్లగా ఉన్నప్పుడు అవి గోడలకు తగులుతూ కటకటలాడతాయి. అందుకని నీళ్ళు 75 డిగ్రీలు దాటేదాకా కొలత లేదు, ఈసీయూ చెవి కూడా అప్పటిదాకా మూసే ఉంచాను.

ఆపైన తప్పనిసరై చేసిన పని, కావాలని నాకింగ్ రప్పించడం. దీనికి నా చేతులు వణికాయి, దాచడం ఎందుకు. పిస్టన్ విరిగిన బండి అది. అయినా నిజమైన నాకింగ్ ఎలా కనిపిస్తుందో ఒక్కసారైనా చూపించకపోతే హద్దు ఎక్కడ గీయాలో తెలియదు. 2,500, 3,000, 3,500 దగ్గర మాత్రమే, సగం ఒత్తిడితోనే, ఒక్కో డిగ్రీ జరుపుతూ, మేస్త్రి గారు చెవిమూతలతో, నేను తెర మీద చూపుతో. ఆయన చెయ్యెత్తిన క్షణమూ, తెర మీద 6.7 దగ్గర పచ్చటి చార లేచిన క్షణమూ ఒక్కటే. 6.8 కాదు, 6.7. లెక్క ఇచ్చిన దానికి అంత దగ్గరగా అసలు ఇంజిను పలకడం చూసి ఇద్దరం కాసేపు అలాగే కూర్చుండిపోయాం. అక్కణ్ణుంచి మామూలు చప్పుడుకు ఒకటిన్నర రెట్లు దాటితే నాకింగ్ అని హద్దు గీశాను. నాలుగో సిలిండరుకు మాత్రం ఇంకా కిందికి.

హద్దు దాటితే ఆ సిలిండరుకు వెంటనే 3 డిగ్రీలు వెనక్కి, తర్వాత అర డిగ్రీ చొప్పున నెమ్మదిగా ముందుకు. వరసగా మూడుసార్లు దాటితే టర్బో ఒత్తిడి కూడా తగ్గుతుంది. లోపలి గాలి 45 డిగ్రీలు దాటినప్పటి నుంచీ వేడిని బట్టి టైమింగ్ తనంతట తనే తగ్గేలా పట్టిక రాశాను. 160, 170 వరసలు మొదటి నుంచీ దిద్దాను. అప్పుడు 24 ఉన్న గడిలో ఇప్పుడు 16 ఉంది. ప్లగ్గులు కూడా ఒక మెట్టు చల్లటి రకం వేశాం. నిప్పు కంటే ముందే ఎర్రగా కాలిన ప్లగ్గు కొస వల్ల అంటుకునే జబ్బు వేరే ఉంది, దాన్ని ఈ చెవి పట్టుకోవడం చాలా ఆలస్యం అవుతుంది.

పెట్రోలు సంగతి రెండు మాటలు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు నాకింగ్‌కు మంచిదే. ఇథనాల్ నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది కూడా. పాత బండిలో రబ్బరు గొట్టాలు, సీళ్ళు దాన్ని తట్టుకోలేవు, వాటన్నిటినీ ముందే మార్చేశాను. మన ఉక్కపోత కూడా ఇంజిన్‌కు కాస్త మేలే, గాలిలో తేమ మంటను నెమ్మదిస్తుంది. ఆ మేలును నమ్ముకుని ఒక్క డిగ్రీ కూడా పెంచలేదు. డిసెంబరులో దిద్దిన పట్టికను మే నెలలో మళ్ళీ చూసుకోకుండా బండి లారీ ఎక్కించనని మాత్రం గట్టిగా అనుకున్నాను.

ఈ మే రెండో వారం, మధ్యాహ్నం రెండింటికి, అదే రోడ్డు, అవే నాలుగు బస్తాలు. పొద్దున్న చల్లదనంలో కాదు, కావాలనే నడినెత్తి ఎండలో. లోపలి గాలి 58 డిగ్రీలు. ఆరుసార్లు లాగాను. ఐదుసార్లు ఏమీ లేదు. ఆరోసారి 4,600 దగ్గర తెర మీద మూడో నంబరు ఎదురుగా ఎర్రచుక్క వెలిగింది. నా కాలు తీసేలోపే 3 డిగ్రీలు వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వెలగలేదు. నాకు వినపడలేదు, మేస్త్రి గారికీ వినపడలేదు.

షెడ్డుకు తెచ్చి, ఇంజిను చల్లారేదాకా ఆగి మూడో నంబరు ప్లగ్గు విప్పాం. నాకింగ్ గట్టిగా కొడితే పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం ప్లగ్గు పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు మెరిసే చుక్కలుగా అంటుకుంటుంది. పోయినేడు ఆ ప్లగ్గు మీద అవి లెక్కలేనన్ని. మేస్త్రి గారు కళ్ళజోడు తీసి, వాచీలు బాగుచేసేవాళ్ళు పెట్టుకునే భూతద్దం కంటికి బిగించుకుని, ప్లగ్గును వెలుతురులో చుట్టూ తిప్పారు. పింగాణీ టీ పొడి రంగులో, నున్నగా ఉంది. "ఏమీ లేవు" అని నా చేతిలో పెట్టారు. నేనూ చూశాను. నిజంగానే ఏమీ లేవు.

నాలుగో సిలిండరు మాత్రం సెన్సరుకు దూరం కావడంతో ఇప్పటికీ పీలగానే పలుకుతోంది. నాకు దాని మీద పూర్తి నమ్మకం కుదరలేదు. వర్షాలు తగ్గాక మూడు, నాలుగుల మధ్య రెండో సెన్సరు పెట్టాలి. మేస్త్రి గారు ఇప్పటికే అక్కడి రంగు గీకడం మొదలుపెట్టారు.